తొమ్మిదో గడిలో ఎవరు?

మా నాయనమ్మ మా తాత పేరు ఎప్పుడూ నోటితో పలకలేదు. నేను నోటుపుస్తకం పట్టుకుని ఆమె నులకమంచం పక్కన కూర్చున్న మధ్యాహ్నం కూడా పలకలేదు. "తాత పూర్తి పేరు చెప్పు నాయనమ్మా, రాసుకుంటాను" అంటే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఏడుకొండల మీద ఉంటాడే, ఆయన పేరే. చివర అయ్య చేర్చుకో" అంది. మామగారి పేరడిగితే, "లంకకు పోయొచ్చినాయన" అంది. రాసుకున్నాను. "మరి మీ అత్తగారి పేరు?" అన్నాను. దానికి ఏ గుర్తూ చెప్పలేదు. చాలాసేపటికి, "మీ మేనత్తది ఆవిడ పేరేలేవే" అని అటు తిరిగి పడుకుంది.

మా మేనత్తను ఇంట్లో అందరూ పాప అనే పిలిచేవాళ్లు. అరవై దాటాక కూడా పాపే. అలా ఎందుకు పిలుస్తారో ఆ మధ్యాహ్నం దాకా నాకు తట్టలేదు. అత్తగారి పేరు పెట్టిన పిల్లను కోడలు ఆ పేరుతో పిలవకూడదు, కోపం వచ్చి తిట్టనూ కూడదు. అందుకే పాప, బుజ్జి, చిట్టి, అమ్మడు. మీ ఇంట్లోనూ ముద్దుపేరుతో తప్ప పిలవని పెద్దవాళ్లు ఎవరైనా ఉంటే, వాళ్ల బడి పేరేమిటో ఒకసారి అడిగి చూడండి. దాని వెనక తాతమ్మో ముత్తాతో ఉంటారు.

వంశవృక్షం గీద్దామని ఈమధ్య చాలామందికి మనసవుతోంది. అమెరికాలో పిల్లలకు బడిలో వేసుకు రమ్మంటారు, వాళ్లు ఫోన్ చేసి అమ్మమ్మను అడుగుతారు. ఇక్కడ తద్దినం రోజున పురోహితుడు ముత్తాత పేరడిగితే అన్నదమ్ములు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కారణం ఏదైనా మంచిదే. కానీ మన ఇళ్లలో ఉన్న వంశవృక్షాల్లో నేను చూసినవన్నీ మగవాళ్ల జాబితాలే. సగం చెట్టు లేదు.

పెళ్లిలో ప్రవర వినండి. ఫలానావారి మునిమనవడు, ఫలానావారి మనవడు, ఫలానావారి కుమారుడు అని అబ్బాయివైపు మూడు తరాలు, అమ్మాయివైపు మూడు తరాలు. ఆ ఆరు పేర్లూ మగవాళ్లవే. పీటలమీద కూర్చున్న పిల్లను కన్నతల్లి పేరు ఆ వరసలో రాదు. తర్పణాల్లో కొంత నయం. తండ్రి, తాత, ముత్తాతలతోపాటు తల్లికి, నాయనమ్మకు, తాతమ్మకు కూడా నీళ్లు వదులుతారు, అమ్మవైపు వాళ్లనూ తలుస్తారు. తర్పణం విడిచే పెద్దాయన ఇంట్లో ఉంటే ఆ పేర్లన్నీ ముందు రాసుకోండి, ఖర్చు లేని మొదటి ఆధారం అది. అయితే అక్కడ కూడా ఆడవాళ్లు అత్తింటి గోత్రంతోనే ఉంటారు. ఏ ఊరి ఆడపడుచులో, ఎవరి బిడ్డలో ఆ మంత్రం చెప్పదు.

కోర్టు కాగితాల్లో ఇంకా తక్కువ. భాగపరిష్కారం దావాల్లో వంశవృక్షం దాఖలు చేస్తారు కదా, పాత వాటిలో కొడుకులే కనిపిస్తారు. ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో వాటా లేదు కాబట్టి కూతుళ్ల పేర్లు రాయాల్సిన పని వకీలుకు లేకపోయింది. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో, దేశమంతటా 2005లో చట్టం మారి కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. ఆ తర్వాతి దావాల్లో వృక్షాలు ఒక్కసారిగా వెడల్పయ్యాయి.

ఒక కాగితం, ఒక ముసలావిడ

మొదలుపెట్టడానికి తెల్లకాగితం చాలు. 1 అని వేసి మీ పేరు రాయండి. నాన్న 2, అమ్మ 3. నాన్నవాళ్ల నాన్న 4, నాన్నవాళ్ల అమ్మ 5. అమ్మవాళ్ల నాన్న 6, అమ్మవాళ్ల అమ్మ 7. ఎవరి అంకెనైనా రెట్టింపు చేస్తే వాళ్ల నాన్న, దానికి ఒకటి కలిపితే వాళ్ల అమ్మ. 1590లోనే యూరప్‌లో అచ్చయిన పద్ధతి ఇది. దీని గొప్పదనం ఏమిటంటే, మిమ్మల్ని పక్కన పెడితే, సరిసంఖ్యలన్నీ మగవాళ్లు, బేసిసంఖ్యలన్నీ ఆడవాళ్లు. ఎవరిని మరిచిపోయారో కాగితమే చూపిస్తుంది. నా పట్టికలో ముత్తాతల వరస 8 నుంచి 15. నాలుగు సరిసంఖ్యలూ ఒక్క సాయంత్రంలో నిండాయి. 11, 13, 15 ఖాళీ. తొమ్మిదో గడిలో మాత్రం ఒక పేరు చేరింది, మేనత్తను పాప అని పిలిపించిన పేరు. ఇంటిపేరు లేదు, ఊరు లేదు, తండ్రి ఎవరో తెలియదు.

కాగితాల వేట తర్వాత. ముందు ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గరకు వెళ్లండి. వచ్చే సంక్రాంతికి చూద్దామనుకోవద్దు, ఈ ఆదివారమే వెళ్లండి. రికార్డుల గదిలోని కట్ట మరో ఏడాది ఆగుతుంది, తొంభై ఏళ్ల మనిషి జ్ఞాపకం ఆగుతుందన్న భరోసా లేదు. మా నాయనమ్మను మూడుసార్లు కూర్చోబెట్టి అడిగాను. నాలుగోసారికి ఆమె లేదు.

అడిగే తీరు ఒకటుంది. "మీ తాత పేరేంటి, ఏ సంవత్సరంలో పుట్టాడు" అని ప్రశ్నపత్రం చదివినట్టు అడిగితే, "ఏమో తల్లీ, గుర్తులేదు" అనే వస్తుంది. మనుషులకు తేదీలు గుర్తుండవు. ఎవరి పెళ్లికి ఎవరు అలిగారో, పురిటికి ఏ ఊరు తీసుకుపోయారో, బండి ఎక్కడ బోల్తాపడిందో గుర్తుంటుంది. నీ పెళ్లికి మేనమామ వరసలో ఎవరొచ్చారు? పెద్దబిడ్డ పురుడు ఎక్కడ పోశారు? పుట్టింటినుంచి సారె ఎవరు తెచ్చారు? దినాలకు ఎక్కడెక్కడి చుట్టాలకు కబురు పంపారు? ఇలా అడగండి. చుట్టరికం మాటలో ఉంటుంది, ఊరు మాటలో ఉంటుంది. పాత ఫోటోలు చేతికిస్తే ఇంకా మంచిది. ఫోటో వెనక పెన్సిల్‌తో పేర్లు అప్పటికప్పుడే రాసేయండి. ఫోన్‌లో మాటలు రికార్డు చేయండి, అయితే చెప్పే చేయండి.

తొమ్మిదో గడి గురించి రెండోసారి అడిగినప్పుడు నాయనమ్మ ఒక్క ముక్క చెప్పింది. "ఆవిడది ఏటి అవతల ఊరు. పండగ ముందర కందుల బండి వచ్చేది అక్కణ్ణుంచి." ఊరి పేరూ చెప్పింది. మాది గుండ్లకమ్మ పక్క పల్లె. ఆ బండి ఎందుకొచ్చేదని నేనడగలేదు. అడగాల్సింది.

ఏళ్లు పట్టుకోవడం

మన పెద్దలు చెప్పే కాలం ఇంగ్లీషు కేలండర్‌లో ఉండదు, అయినా అది కాలమే. ఖర నామ సంవత్సరంలో పుట్టాడంటే 1891 కావచ్చు, 1951 కావచ్చు, 2011 కావచ్చు. అరవై ఏళ్లకొకసారి పేరు తిరిగొస్తుంది కాబట్టి ఆ మనిషి తరం చూస్తే ఏదో తేలిపోతుంది. తిథి, వారం, నక్షత్రం కూడా తెలిస్తే పాత పంచాంగాల లెక్కతో తేదీనే పట్టుకోవచ్చు. జాతకచక్రం దొరికితే అందులో ఇవన్నీ ఉంటాయి.

సంవత్సరం పేరు కూడా తెలియని చోట ఊరి కష్టాలు దారి చూపిస్తాయి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, గుంటూరు సీమలో వచ్చినది డొక్కల కరువు. రాయలసీమ ఇళ్లలో చెప్పుకునే ధాత కరువు 1876-78 నాటిది. బందరును ముంచిన ఉప్పెన 1864 నవంబరు 1. మూసీ వరద 1908 సెప్టెంబరు 28. రజాకార్ల కాలమంటే 1948 సెప్టెంబరుకు ముందు. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19. "ఉప్పెన నాటికి చంటిపిల్ల" అన్న మాట చాలు, ఒకటి రెండేళ్ల తేడాతో పుట్టిన ఏడు దొరికినట్టే.

బడి సర్టిఫికెట్‌లోని పుట్టినతేదీని మాత్రం తొందరపడి నమ్మవద్దు. చేర్చుకునే రోజున పంతులుగారు వయసు అంచనా వేసి రాసినవి అవి. ఒకే ఇంట్లో నలుగురు పిల్లలూ జూలై 1న పుట్టినట్టు ఉంటే అదే సంగతి. ఆ తేదీని కొట్టేయకండి, బడి రికార్డు ప్రకారం అని పక్కన రాసి, ఇంట్లో చెప్పిన ఏడును వేరే రాయండి. రెండూ నిలవాలి. ఏ సంగతి ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో ప్రతి పేరు పక్కనా గుర్తు పెట్టుకోవడం మొదట్లో విసుగనిపిస్తుంది. రెండేళ్ల తర్వాత రెండు కథలు ఎదురుపడినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

పేర్లతో మరో చిక్కు. తాత పేరు మనవడికి పెట్టడం మన అలవాటు. కాబట్టి ఒక తరం విడిచి ఒక తరం అదే పేరు వస్తుంది. ముగ్గురు అన్నదమ్ములూ తండ్రి పేరునే తమ పెద్దకొడుకులకు పెడితే, ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ముగ్గురు ఒకే పేరువాళ్లు తయారవుతారు. ఊరు వాళ్లను నల్లాయన, ఎర్రాయన, మిద్దింటాయన అని విడదీసుకుంటుంది, రిజిస్టరు విడదీయదు. తండ్రి పేరు, భార్య పేరు కలిపి చూస్తే తప్ప ఎవరు ఎవరో చెప్పలేం. భార్య పేరు అవసరమయ్యేది ఇక్కడే. దత్తత వెళ్లినవాళ్లకు ఇంటిపేరే మారిపోతుంది. ఇల్లరికపుటల్లుడి పిల్లలు మామగారి ఊళ్లో పెరిగి ఆ ఊరివాళ్లుగానే చెలామణి అవుతారు. వీటిని దాచిపెట్టే ఇళ్లు ఉన్నాయి. దత్తత వచ్చినవాళ్లకు రెండు తల్లివేళ్లు, రెండూ గీయడమే న్యాయం.

ఇనప్పెట్టె నుంచి రికార్డుల గది దాకా

కాగితాలకు ఊరికంటే ముందు ఇల్లు వెతకాలి. ఇనప్పెట్టె అడుగున మడతలుపడ్డ దస్తావేజులు, పన్ను రశీదులు, శుభలేఖలు, దినాల కార్డులు, రేషన్ కార్డు, పింఛను పుస్తకం. దినాల కార్డు ఒక్కటి దొరికితే మరణించిన తేదీ, కొడుకులు, కూతుళ్లు, అల్లుళ్లు వరసగా ఉంటారు. శుభలేఖ చివర "మీ రాక కోరు" దగ్గరున్న పేర్లు చూస్తే ఆనాటి ఇంటి పెద్దలెవరో తెలుస్తుంది.

పొలం ఉన్నవాళ్లకు రెవెన్యూ రికార్డులున్నాయి. కోస్తా, రాయలసీమల్లో అడంగల్, రీసెట్టిల్మెంట్ రిజిస్టర్, ఇనాం భూములకు 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్ తయారుచేయించిన రిజిస్టర్లు. తెలంగాణలో సేత్వార్, పహాణీలు, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఇనాందారుల వారసత్వం తేల్చిన ముంతఖబ్, విరాసత్ కాగితాల్లో వరసే రాసి ఉంటుంది. వీటిలో పాతవి ఉర్దూ, పారశీ భాషల్లో ఉంటాయి, చదివిపెట్టే మనిషిని వెతుక్కోవాలి. ఫసలీ అని కనిపిస్తే దానికి 590 కలపండి. ఫసలీ 1312 అంటే 1902-03. పట్టాదారు చనిపోతే వారసుల పేరెక్కించే ఫౌతీ మార్పులో తండ్రి పేరు, కొడుకుల పేర్లు పక్కపక్కన దొరుకుతాయి. జమీందారీ గ్రామాలవాళ్లకు ఇవి ఆలస్యంగా మొదలవుతాయి. 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే ప్రభుత్వం అక్కడ రైతుల లెక్కలు నేరుగా రాయించింది. అంతకుముందువి జమీందారు కచేరీలో ఉండేవి.

కరణాల ఇళ్లలో ఉన్న కవిలెలు ఏమయ్యాయో ఒక్కో ఊరిది ఒక్కో కథ. 1984 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రామాధికారుల పదవులు రద్దు చేసినప్పుడు రికార్డులు అప్పగించమన్నారు. కొన్ని అప్పగించారు. కొన్ని అటకల మీదే ఉండిపోయాయి. పాత కరణంగారి మనవళ్లు ఊళ్లో ఉంటే వెళ్లి మర్యాదగా అడగండి.

ఎక్కడ వెతకాలన్నది తేల్చుకోవడానికి జిల్లాల చరిత్ర తెలియాలి. మా పక్క ఒంగోలు తాలూకాలో కదలకుండా ఒకే ఇంట్లో ఉన్న కుటుంబం 1904 దాకా నెల్లూరు జిల్లాలో ఉంది, 1970 దాకా గుంటూరు జిల్లాలో ఉంది, ఆ తర్వాత ప్రకాశంలో ఉంది. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. తెలంగాణలో 2016లో, ఆంధ్రలో 2022లో జిల్లాలు మళ్లీ చీలాయి. శ్రీశైలం, నాగార్జునసాగర్ నీళ్లకింద ఊళ్లే పోయినవాళ్లున్నారు. కాబట్టి ఊరి పేరుతోపాటు పాత తాలూకా, పాత జిల్లా రాసిపెట్టుకోండి. హైదరాబాద్ తార్నాకలోని రాజ్యాభిలేఖాగారంలోనైనా, మద్రాసు రాష్ట్రపు కాగితాలున్న చెన్నై ఎగ్మూరు అభిలేఖాగారంలోనైనా ముందు అడిగేది అదే.

నాకు పని జరిగింది రిజిస్ట్రారు ఆఫీసులో. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఒకటో పుస్తకంలో, వీలునామాలు మూడో పుస్తకంలో ఎక్కుతాయి. ఒకటో పుస్తకం నకలు ఎవరైనా ఫీజు కట్టి అడగవచ్చు. వెతకడానికి రెండు సూచికలుంటాయి, ఒకటి మనుషుల పేర్లతో, రెండోది ఊరు, ఆస్తి వివరాలతో. మనిషి పేరు పూర్తిగా తెలియకపోయినా ఊరు తెలిస్తే రెండో సూచిక పట్టుకుని పోవచ్చు. ఆన్‌లైన్‌లో దొరికే ఈసీలు 1983 నుంచే, అంతకుముందువి చేత్తో తిరగేయాల్సినవే.

మూడోసారి కూర్చున్నప్పుడు నాయనమ్మను కందుల బండి గురించి అడిగాను. "అది ఆవిడ చేనుది. పసుపు కుంకుమ కింద ఇచ్చారు. పుట్టింటివాళ్లే సాగుచేసి పంట పంపేవాళ్లు" అంది. చేను ఉందంటే కాగితం ఉండవచ్చు. ఏటి అవతల ఊరు ఏ రిజిస్ట్రారు ఆఫీసు కిందకు వస్తుందో కనుక్కుని మూడు వారాల్లో నాలుగుసార్లు తిరిగాను. దొరికింది. 1931, ప్రజోత్పత్తి నామ సంవత్సరం. దఖలు దస్తావేజు. పెళ్లినాడు నోటిమాటగా కూతురికి పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేనును తండ్రి ముసలితనంలో రాతపూర్వకంగా స్థిరపరుస్తున్న కాగితం. మా మేనత్త పేరు ఉంది. భర్త పేరు ఉంది, లంకకు పోయొచ్చినాయన పేరే. పైన ఆమె తండ్రి పేరు, ఇంటిపేరు, ఆయన తండ్రి పేరు. ఒక్క పేజీలో మూడు తరాలు. తండ్రి నిశానీ ఉన్నచోట, ఎడమచేతి బొటనవేలి ముద్ర అని గుమస్తా రాసిన అక్షరాలున్నాయి.

చెక్కుబందీ చదివేటప్పుడు తొందరపడకండి. తూర్పు ఎవరి చేను, దక్షిణం ఎవరిది అని హద్దులు రాస్తారు కదా, పక్క చేల పేర్లు ఎక్కువసార్లు అన్నదమ్ములవే అవుతాయి, అది ఒకప్పుడు ఒకటే చేను కాబట్టి. నా దస్తావేజులో ఉత్తరం, పడమర హద్దుల్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు. వాళ్లు తొమ్మిదో గడి అన్నదమ్ములు.

చేను లేనివాళ్ల జాడలు

ఇంతవరకూ చెప్పింది చేను ఉన్నవాళ్ల సంగతి. మన ఊళ్లలో ఎక్కువమందికి చేను లేదు, చేనులో పని ఉంది. దళిత కుటుంబాల్లో చాలామందికి పేరు మొదటిసారి కాగితమెక్కింది చర్చి బాప్తిస్మపు రిజిస్టరులో. మా పక్కనే దానికి పెద్ద గుర్తు ఉంది. ధాత కరువు రోజుల్లో అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత దూరం తవ్వే కాంట్రాక్టు తీసుకుని కరువు పీడితులకు పని చూపించాడు. 1878 జూలై 3న ఒంగోలుకు చేరువలోని వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మీది చర్చి కుటుంబమైతే పాస్టరుగారిని బాప్తిస్మపు, పెళ్లి, సమాధి రిజిస్టర్లు అడగండి. ముస్లిం కుటుంబాలకు ఖాజీ దగ్గర నికా పుస్తకం ఉంటుంది. పెళ్లికూతురి పేరు, ఆమె తండ్రి పేరు, మెహర్ ఎంతో అందులో ఉంటాయి.

కాగితమే లేనిచోట గొంతు ఉంది. తెలుగుదేశంలో వంశాన్ని నోటికి మోసిన కులాలు ఎన్నో ఉన్నాయి. వ్యవసాయ కులాల గోత్రాలు, ఇంటిపేర్లు పాడేవాళ్లను పిచ్చిగుంట్లవాళ్లు అనేవారు. ఆ పేరులోని చిన్నచూపును వద్దనుకుని ఇవాళ వంశరాజులుగా పిలిపించుకుంటున్నారు. అది వాళ్ల పనికి తగిన పేరు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, గొల్లలకు మందెచ్చులు, విశ్వబ్రాహ్మణులకు రుంజలు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు, మాదిగలకు డక్కలివాళ్లు. పటం విప్పి, వాయిద్యం పట్టి కులపురాణం చెప్పి, చివర దాత ఇంటివాళ్ల పేర్లు వరసపెట్టేవాళ్లు. కల్లం మీద గింజలు పెట్టే అలవాటు పోయాక ఆ రాకపోకలు తగ్గాయి. ఊళ్లో పెద్దవాళ్లనడిగితే ఎవరు వచ్చేవాళ్లో, ఏ ఊరినుంచి వచ్చేవాళ్లో చెబుతారు. వెళ్లి వినండి, చేతిలో ఏదైనా పెట్టే రండి. వాళ్లు చెప్పేదాంట్లో పురాణం ఎంత, వంశం ఎంత అన్నది తర్వాత తేల్చుకోవచ్చు.

ఊళ్ల పుట్టుక తెలుసుకోవాలంటే మెకంజీ కైఫియత్తులు ఉన్నాయి. సర్వేయరు కాలిన్ మెకంజీ దగ్గర పనిచేసిన కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల మనుషులు ఊరూరా తిరిగి కరణాల నుంచి రాయించుకు వచ్చిన గ్రామచరిత్రలు ఇవి. వీటిలో మీ ముత్తాత పేరు ఉంటుందని ఆశపెట్టుకోకండి. ఊరు ఎవరు కట్టారు, కరణీకం ఎవరి చేతికి ఎలా వచ్చింది అన్నది ఉంటుంది.

సముద్రం దాటినవాళ్ల సంగతి నన్ను ఎక్కువగా కదిలించింది. మద్రాసు నుంచి బయలుదేరిన ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు చెరకుతోటల కూలికి వెళ్లినవాళ్లు 1,52,184 మంది. ఓడల జాబితాలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది పుట్టుమచ్చ రాశారు. ఆడవాళ్లకూ విడిగా వరస ఉంది, వాళ్ల తండ్రి పేరూ ఉంది. ఊళ్లోనే ఉండిపోయిన అక్కాచెల్లెళ్లకు దక్కని ఆ ఒక్క వరస, కట్టుబానిసల్లా ఓడెక్కిన ఆడవాళ్లకు దక్కింది. మారిషస్ వెళ్లినవాళ్ల రికార్డులు మోకాలోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి, కొందరివి ఫోటోలతో సహా. అక్కడి తెలుగువాళ్ల మునిమనవళ్లు ఆ కాగితం పట్టుకుని శ్రీకాకుళం, విశాఖ పల్లెలకు వస్తుంటారు. వాళ్ల దగ్గర తాలూకా పేరుంది, మన దగ్గర మనుషులున్నారు. ఇంగ్లీషువాళ్లు విన్నట్టు రాసుకున్న ఊరి పేరును పలికిచూసి అది ఏ పల్లో చెప్పగలిగేది ఆ పక్క పుట్టినవాళ్లే. మీ ఊరివాళ్లెవరైనా రంగూన్ వెళ్లి 1942లో నడిచి తిరిగొచ్చారా? ఆ నడకలో ఎవరు తప్పిపోయారు? ఆ పేర్లు రాయండి.

గీసేటప్పుడు

చెట్టు బొమ్మ గీస్తే మన చుట్టరికాలకు చాలదు. మేనత్త కొడుకును చేసుకున్న పిల్లకు పుట్టిన బిడ్డను తీసుకోండి. ముత్తాతల వరసలో ఎనిమిది గడులుంటాయి, మనుషులు ఆరుగురే, ఎందుకంటే ఒక జంట రెండుచోట్లా వస్తారు. మేనమామను చేసుకుంటే ఒకే ఇద్దరు ఆ బిడ్డకు తాత నాయనమ్మలూ అవుతారు, ముత్తాత తాతమ్మలూ అవుతారు. తప్పు గీశామని చెరిపేయకండి. ఇది వల. గ్రాంప్స్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఒక మనిషిని ఒకసారే ఎక్కించి రెండువైపులా ముడివేయవచ్చు, తెలుగు లిపి కూడా పడుతుంది. పేర్లు తెలుగులోనే ఎక్కించండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే ఇంటిపేరు నాలుగు రకాలుగా మారి, ఒకరే నలుగురు వేరే మనుషులైపోతారు.

ఫ్యామిలీసెర్చ్ లాంటి ఉచిత సైట్లలో పెడితే దూరపు చుట్టాలు కలుస్తారు. అయితే బతికున్నవాళ్ల పుట్టినతేదీలు, అమ్మ పుట్టింటి పేరు బయట పెట్టవద్దు. బ్యాంకు వాళ్లు అడిగే రహస్య ప్రశ్నలు అవే. రెండో పెళ్లిళ్లు, విడిపోయినవి, ఇంట్లోంచి వెళ్లిపోయినవాళ్లు, ఇవన్నీ మీ నోటుపుస్తకంలో ఉంటే చాలు. నేను ఇక్కడ మా వాళ్ల పేర్లు, ఊళ్ల పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే.

ఏటి అవతల

దస్తావేజు నకలు సంచిలో పెట్టుకుని ఏటి అవతల ఊరికి వెళ్లాను. ఉత్తరం హద్దులో ఉన్న పేరు చెప్పి అడిగితే రామాలయం వెనక సందు చూపించారు. అరుగుమీద ఎనభై అయిదు దాటిన పెద్దాయన కూర్చుని ఉన్నాడు. "ఎవరమ్మా?" అన్నాడు. మా ఊరు చెప్పి, తొమ్మిదో గడి పేరు చెప్పాను. ఆ పేరు బయటి మనిషి నోటినుంచి విని ఎన్నేళ్లయిందో. "మా మేనత్త" అన్నాడు. "ఆవిడ పోయినప్పుడు మా నాయన దినాలకు పోయొచ్చి, ఆ ఏడు కందులు కొలిచి పక్కన పెట్టాడు. పంపడానికి మనిషి లేదు. నువ్వు ఆవిడకు ఏమవుతావు?"

"మునిమనవరాలిని తాతయ్యా."

లోపలినుంచి ఒక పుస్తకం తెప్పించాడు. పొలాలు పంచుకున్నప్పుడు రాసుకున్న వంశవృక్షం. నా దస్తావేజులోని తండ్రి పేరు పైన ఉంది, కింద ఇద్దరు కొడుకులు, వాళ్ల కొడుకులు, మనవళ్లు. ఆ తండ్రికి కూతురు ఉన్న గుర్తే లేదు. ఆయన దస్తావేజు నకలు కళ్లకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "రాయలేదు" అన్నాడు. తర్వాత మనవరాలిని కేకేసి పెన్ను తెమ్మన్నాడు.

ఇద్దరు అన్నదమ్ముల పక్కన గీత గీసి తన మేనత్త పేరు రాశాడు. "పిల్లలెంతమంది?" అన్నాడు. నలుగురన్నాను. చెప్పమన్నాడు. చెబుతూ పోయాను, ఆయన వణికే చేత్తో ఒక్కో పేరూ రాస్తూ పోయాడు, కోడళ్లవీ, అల్లుళ్లవీ, వాళ్ల ఊళ్లూ. రెండున్నర బస్సు వెళ్లిపోయింది. పేజీ చాలక ఇంకో కాగితం అతికించాం. మా నాన్న తోబుట్టువుల దగ్గరకొచ్చాక పెన్ను ఆపి తల ఎత్తాడు.

"ఈ పిల్లది కూడా మా మేనత్త పేరే?"

"అవును తాతయ్యా."

"ఇంట్లో ఏమని పిలిచేవాళ్లు?"

"పాప."

ఆయన దాన్ని కూడా పక్కన రాశాడు.